కొత్త సాధనం తరగతిలో ఎందుకు నిలుస్తుంది, ఎందుకు మూలన పడుతుంది?

సారాంశం: ఉపాధ్యాయులు కొత్త సాంకేతిక సాధనాన్ని అందుకోవడానికైనా, పక్కన పెట్టడానికైనా వారి వయసో మొండితనమో అసలు కారణం కాదని ఈ అంశంపై దశాబ్దాలుగా సాగుతున్న పరిశోధన సూచిస్తోంది. పీరియడ్ నిడివి, సిలబస్ ఒత్తిడి, తరగతి క్రమశిక్షణ, మార్కుల నమోదు వంటి రోజువారీ పనుల్లో ఆ సాధనం ఏ బరువును దించుతుంది, ఏ బరువును కొత్తగా నెత్తిన పెడుతుంది అన్నదే నిర్ణయాన్ని నడిపిస్తుంది. ఆదేశాలు, ప్రోత్సాహకాలు వాడకాన్ని మొదలుపెట్టించగలవు. దాన్ని నిలబెట్టేవి మాత్రం పిల్లల్లో కనిపించే ఫలితం, పక్క గదిలోని సహోద్యోగి సాయం, సాధనం మీద ఉపాధ్యాయుడికి ఉండే అదుపు.

వందేళ్లుగా వినిపిస్తున్న మాట

చలనచిత్రాలు విద్యావ్యవస్థను సమూలంగా మార్చేస్తాయని, కొద్ది ఏళ్లలోనే పాఠ్యపుస్తకాల స్థానాన్ని దాదాపుగా ఆక్రమిస్తాయని 1922లో థామస్ ఎడిసన్ జోస్యం చెప్పాడు. ఆ తరువాత రేడియో గురించి, 1950లు, 1960లలో టెలివిజన్ గురించి, 1980లలో వ్యక్తిగత కంప్యూటర్ గురించి, ఈ శతాబ్దంలో స్మార్ట్ బోర్డు, ట్యాబ్లెట్ల గురించి ఇంచుమించు అవే మాటలు వినిపించాయి. చెప్పినదానికీ తరగతిలో జరిగినదానికీ ప్రతిసారీ పొంతన కుదరలేదు. అందుకు చూపిన కారణం కూడా ప్రతిసారీ ఒక్కటే: ఉపాధ్యాయులకు మార్పు గిట్టదు.

ఈ వివరణ చెప్పడానికి తేలికే గాని పరిశీలనకు నిలవదు. నల్లబల్ల కూడా ఒకప్పుడు కొత్త సాంకేతికతే. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో తరగతి గదుల్లోకి అడుగుపెట్టిన ఆ బల్లను ఉపాధ్యాయులు ఎంతగా సొంతం చేసుకున్నారంటే, అది లేని తరగతి గదిని ఊహించడమే చాలాకాలం కష్టమైంది. ప్రశ్నపత్రాల ప్రతులు తీసే జిరాక్స్ యంత్రం, మార్కులు కూడిపెట్టే స్ప్రెడ్‌షీట్, తల్లిదండ్రులకు కబురు పంపే మెసేజింగ్ యాప్ కూడా పెద్దగా ఆదేశాలు, శిక్షణ శిబిరాలు లేకుండానే వాడుకలోకి వచ్చాయి. మార్పు అంటేనే గిట్టని వర్గం అయితే వీటిని కూడా దూరం పెట్టి ఉండాలి.

అమెరికా విద్యాచరిత్రకారుడు లారీ క్యూబన్, ఆయన సహచరులు 2001లో ప్రచురించిన అధ్యయనం ఈ చిక్కుముడిని దగ్గరగా చూపించింది. సిలికాన్ వ్యాలీలో, కంప్యూటర్లకు కొదవలేని ఉన్నత పాఠశాలల్లో కూడా ఎక్కువమంది ఉపాధ్యాయులు పాఠం చెప్పేటప్పుడు వాటిని అరుదుగానే వాడుతున్నారని, వాడినా పాత బోధన పద్ధతికి జతగానే వాడుతున్నారని వారు గమనించారు. అదే ఉపాధ్యాయులు పాఠం తయారీకి, ఉత్తరాలు రాయడానికి, మార్కుల లెక్కకు కంప్యూటర్‌ను చక్కగా వాడుకుంటున్నారు. కాబట్టి యంత్రమంటే భయం గాని, తెలియనితనం గాని దీనికి సమాధానం కాదు. ఒకే మనిషి ఒకే యంత్రాన్ని ఒక పనికి అందుకుని మరో పనికి దూరం పెడుతున్నాడంటే, కారణాన్ని మనిషిలో కాకుండా ఆ పనుల స్వభావంలో వెతకాలి.

పీరియడ్ లెక్క

ఉపాధ్యాయుడి పనికి మిగతా వృత్తులకు లేని ఒక షరతు ఉంది. కార్యాలయంలో సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ఉద్యోగి కాసేపు ఆగి, మళ్లీ ప్రయత్నించి, సహాయం కోసం ఎదురుచూడవచ్చు. తరగతిలో అదే జరిగితే ముప్పై నలభై మంది పిల్లలు ఎదురుగా కూర్చుని ఉంటారు. వారు ఎదురుచూడరు. రెండు నిమిషాల నిశ్శబ్దం మూడో నిమిషానికి గోలగా మారుతుంది.

నలభై నిమిషాల పీరియడ్‌లో ఒక క్విజ్ యాప్‌తో పాఠాన్ని పునశ్చరణ చేయించాలని అనుకున్న ఉపాధ్యాయురాలి పరిస్థితిని చూడవచ్చు. ముందు పీరియడ్ నుంచి వచ్చి, హాజరు తీసుకుని, ప్రొజెక్టర్ కేబుల్ సరిచేసేసరికి ఆరేడు నిమిషాలు అయిపోతాయి. పిల్లలు ట్యాబ్లెట్లు తెరుస్తారు. నలుగురికి పాస్‌వర్డ్ గుర్తుండదు, ఇద్దరి ట్యాబ్లెట్లలో ఛార్జింగ్ ఉండదు, ఒకరిది అప్‌డేట్ అడుగుతుంది. ముందుగా లాగిన్ అయినవాళ్లు ఖాళీగా కూర్చోలేక పక్కవాళ్ల స్క్రీన్‌లోకి తొంగిచూస్తుంటారు. క్విజ్ మొదలయ్యేసరికి పదిహేను నిమిషాలు గడిచిపోతాయి. పది ప్రశ్నలు పూర్తయ్యాక, తప్పు రాసినవాళ్లకు ఎందుకు తప్పో వివరించడానికి సమయం చాలదు. అవే పది ప్రశ్నలను నోటితో అడిగి, చేతులు ఎత్తించి, మధ్యమధ్య ఆగి వివరించి ఉంటే పదిహేను నిమిషాల్లో పని ముగిసేది. మరుసటి రోజు ఆమె ఆ యాప్‌ను తెరవకపోతే, దాన్ని సాంకేతికత పట్ల విముఖత అనడానికి లేదు. ఆమె చేసింది కూడికలు, తీసివేతలు మాత్రమే.

ఈ లెక్కకు పరిశోధనలో ఒక రూపం ఇచ్చినవారు వాల్టర్ డోయల్, జెరాల్డ్ పాండర్. 1977లో ప్రచురించిన వ్యాసంలో వారు, తమ ముందుకు వచ్చిన ఏ కొత్త ప్రతిపాదననైనా ఉపాధ్యాయులు ఆచరణ సాధ్యమా కాదా అన్న కొలతతోనే తూస్తారని వాదించారు. ఆ తూకంలో వారు చూసేవి మూడు. రేపు తరగతిలో ఏం చేయాలో స్పష్టంగా చెప్పారా, లేక ఆదర్శాలు మాత్రమే వల్లించారా అన్నది మొదటిది. అది తమ తరగతి పరిస్థితికీ, తాము బోధించే తీరుకూ ఇముడుతుందా అన్నది రెండోది. పెట్టాల్సిన శ్రమకూ తిరిగి వచ్చేదానికీ పొత్తు కుదురుతుందా అన్నది మూడోది. ఆ వ్యాసం వచ్చేనాటికి తరగతి గదుల్లో కంప్యూటర్లు లేవనే చెప్పాలి. అయినా నేటి యాప్‌లకు సైతం ఆ మూడు ప్రశ్నలు చక్కగా సరిపోతాయి. చాలా శిక్షణ కార్యక్రమాలు మొదటి ప్రశ్న దగ్గరే తడబడతాయి. సాధనంలో ఏ మీట ఎక్కడుందో చూపిస్తారు గాని, భిన్నాల పాఠంలో పదో నిమిషం దగ్గర దాన్ని ఎందుకు తెరవాలో చెప్పరు.

ఉపయోగమా, సులువా?

కొత్త సాంకేతికతను మనుషులు ఎందుకు స్వీకరిస్తారన్న ప్రశ్నకు ఎక్కువగా ఉదహరించే నమూనాను ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించాడు. ఇది నా పనికి ఉపయోగపడుతుందన్న భావన, ఇది వాడటం తేలిక అన్న భావన, ఈ రెండే వాడకాన్ని ప్రధానంగా నిర్ణయిస్తాయని ఆ నమూనా చెబుతుంది. ఉపాధ్యాయులకు ప్రత్యేకించి తయారైనది కాకపోయినా, తరువాతి కాలంలో వారి మీదనే దాన్ని విస్తృతంగా పరీక్షించారు. డేవిస్ అధ్యయనంలో తేలిన ఒక విషయం తరచూ మరుగున పడుతుంది: వాడకంతో ఉపయోగానికి ఉన్న సంబంధం, సులువుతో ఉన్న సంబంధం కంటే గట్టిది. తేలిగ్గా ఉన్నంత మాత్రాన పనికిరాని వస్తువును ఎవరూ వాడరు. పనికొచ్చేదైతే కొంత కష్టాన్ని ఓర్చుకుంటారు. విద్యా సాధనాల ప్రచారం చాలావరకు మూడు క్లిక్కుల సులువు చుట్టూ తిరగడం ఈ వెలుగులో చూస్తే కాస్త విడ్డూరంగానే ఉంటుంది.

అయితే ఉపయోగం అన్న మాట పాఠశాలలో ఒకే అర్థంతో నిలవదు. హాజరు, మార్కులు, నివేదికలు, ప్రశ్నపత్రాలు ఉపాధ్యాయుడి సొంత పనులు. వీటిలో సాధనం ఎంత సమయం మిగిల్చిందో అదే రోజు తెలుస్తుంది. పిల్లలకు పాఠం మరింత బాగా అర్థం కావడం వేరే ఉపయోగం. అది వారాలు, నెలలు గడిస్తే గాని తెలియదు, తెలిసినా ఆ ఫలితం సాధనం వల్లే వచ్చిందని చెప్పడం కష్టం. చేతికి వెంటనే అందే లాభం ఉన్న సాధనాలు త్వరగా వ్యాపించడం, ఎప్పుడో కనిపించే లాభం ఉన్నవి నత్తనడక నడవడం సహజం. క్యూబన్ చూసిన ఉపాధ్యాయులు ఇంట్లో కంప్యూటర్‌ను వాడి, తరగతిలో వాడకపోవడానికి కీలకం చాలావరకు ఇక్కడే ఉంది.

రెండు ఉపయోగాలూ కలిసి వచ్చే సందర్భాలు కూడా ఉన్నాయి. జియోజీబ్రా వంటి గణిత సాధనం అందుకు మంచి ఉదాహరణ. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని నల్లబల్ల మీద గీసి చూపేటప్పుడు, ఉపాధ్యాయుడు మహా అయితే మూడు నాలుగు త్రిభుజాలు గీయగలడు. తెర మీద ఒక శీర్షాన్ని పట్టుకుని లాగుతుంటే త్రిభుజం సాగుతుంది, నలుగుతుంది, దాదాపు గీతగా మారిపోతుంది. కోణాల విలువలు క్షణక్షణం మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 దగ్గరే నిలుస్తుంది. దాన్ని చూసిన పిల్లవాడు, అది ఎందుకు మారడం లేదని తనంతట తానే అడుగుతాడు. బల్ల మీద సాధ్యం కానిది ఇక్కడ సాధ్యమైంది, అందుకు పట్టింది రెండు నిమిషాలు. ఇటువంటి సాధనం గురించి ఉపాధ్యాయుడిని ఒప్పించడానికి ప్రత్యేక ప్రచారం అవసరపడదు. అదే తెర మీద పాఠ్యపుస్తకంలోని పేజీని పెద్దది చేసి చూపడమే స్మార్ట్ బోర్డు ఉపయోగమైతే, దానికీ బల్లకూ తేడా ఏమిటన్న ప్రశ్నకు సమాధానం దొరకదు.

కొత్త ఆలోచనలు సమాజంలో ఎలా వ్యాపిస్తాయో వివరిస్తూ ఎవరెట్ రోజర్స్ 1962లో చేసిన ప్రతిపాదన కూడా ఇక్కడ పనికొస్తుంది. పాతదానికంటే మెరుగ్గా ఉండటం, ఉన్న అలవాట్లతో పొసగడం, జటిలంగా లేకపోవడం, కొద్ది మోతాదులో పరీక్షించే వీలుండటం, ఫలితం పైకి కనిపించడం అన్న ఐదు గుణాలు వ్యాప్తి వేగాన్ని శాసిస్తాయని ఆయన తేల్చాడు. తరగతి విషయంలో వీటిలో నాలుగోది మిగతావాటికంటే బరువైనది. ఒక్క సెక్షన్‌లో, ఒక్క పాఠానికి వాడి చూసి, నచ్చకపోతే మానుకునే వీలున్న సాధనానికీ, విద్యాసంవత్సరం మొదటి రోజు నుంచే బడి మొత్తం ఒకేసారి మారాల్సిన వేదికకూ మధ్య ఉపాధ్యాయుడు మోసే ప్రమాదం తేడా చాలా పెద్దది. రెండోదానిలో పొరపాటు జరిగితే ఒక తరగతి ఏడాది చదువు దెబ్బతింటుంది.

నమ్మకం ముందా, ఫలితం ముందా?

సాధనాలు ప్రవేశపెట్టే సంస్థలు సాధారణంగా ఒక వరుసను నమ్ముతాయి. ముందు శిక్షణ ఇచ్చి ఉపాధ్యాయుల ఆలోచన మార్చాలి, ఆలోచన మారితే బోధన మారుతుంది, బోధన మారితే ఫలితాలు వస్తాయి. థామస్ గస్కీ 1986లో ఈ వరుసనే తలకిందులు చేశాడు. ఆయన చెప్పిన ప్రకారం ఉపాధ్యాయులు మొదట బోధనలో చిన్న మార్పు చేసి చూస్తారు, దాని వల్ల తమ పిల్లలు మెరుగ్గా నేర్చుకోవడం కళ్లారా కనిపిస్తే, ఆ తరువాతే వారి నమ్మకం మారుతుంది. తన తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు తెర మీద పేరు కనిపించకుండా సమాధానం రాసే వీలు దొరికినప్పుడు సరైన జవాబు రాశాడంటే, ఆ ఒక్క సంఘటన మూడు రోజుల శిక్షణ చేయలేని పనిని చేస్తుంది.

పెగ్గీ ఎర్ట్‌మర్ 1999లో చేసిన విభజన దీనికి మరో కోణం జోడిస్తుంది. పరికరాలు, సమయం, శిక్షణ, మరమ్మతు సాయం లేకపోవడం వంటి బయటి అడ్డంకులు ఒక రకం. బోధన అంటే ఏమిటి, తరగతిలో ఉపాధ్యాయుడి స్థానం ఏమిటి అన్న లోతైన నమ్మకాల నుంచి వచ్చే లోపలి అడ్డంకులు రెండో రకం. బయటివి తొలగినంత మాత్రాన లోపలివి కరగవు. తాను వివరించగా పిల్లలు విని నేర్చుకోవడమే చదువని భావించే ఉపాధ్యాయుడికి ప్రొజెక్టర్ నచ్చుతుంది, ఎందుకంటే అది తన వివరణకు బలం ఇస్తుంది. పిల్లలు గుంపులుగా శోధించి, చర్చించి నేర్చుకునే సాధనం మాత్రం తన పనిని తనకు కాకుండా చేస్తున్నట్టు తోస్తుంది. చాలా చోట్ల కొత్త సాధనం పాత బోధనకే కొత్త రంగుగా మిగలడానికి ఇది ఒక కారణం.

ఇక్కడ ఉపాధ్యాయుల సందేహానికి ఆధారాలు లేకపోలేదన్న సంగతి కూడా గుర్తించాలి. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2015లో విడుదల చేసిన నివేదిక, విద్యలో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చు చేసిన దేశాల్లో, పదిహేనేళ్ల విద్యార్థులకు ఆ సంస్థ నిర్వహించే పీసా అంతర్జాతీయ పరీక్షల్లోని పఠనం, గణితం, విజ్ఞానశాస్త్ర ఫలితాల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదని పేర్కొంది. పెరూలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన కార్యక్రమాన్ని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనం కూడా గణితం, భాష పరీక్షల మార్కుల మీద ప్రభావం కనిపించలేదని తేల్చింది. పరికరం ఇస్తే చదువు దానంతట అదే బాగుపడుతుందన్న మాటను అనుమానించే ఉపాధ్యాయుడు, ఆ మాట చెప్పేవారి కంటే ఆధారాలకు దగ్గరగా ఉన్నట్టే లెక్క.

పిల్లల ముందు తడబడతామన్న జంకు

ఒక పనిని తాను చేయగలనన్న ధీమా మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించాడు. తాను స్వయంగా చేసి విజయం పొందడం, తనలాంటివారు చేయగా చూడటం, ఇతరుల ప్రోత్సాహపు మాటలు, ఆ సమయంలో శరీరం, మనసు ఉన్న స్థితి అనే నాలుగు మూలాలను ఆయన చెప్పాడు. వీటన్నిటిలోకీ స్వానుభవమే బలమైనది. సాధారణ శిక్షణ శిబిరం ఎక్కువగా ఆధారపడేది మాత్రం మూడోదాని మీద, అంటే మాటల మీద.

పైగా ఇందులో పరువు ప్రశ్న ఉంది. విషయం తెలిసిన వ్యక్తిగా నిలబడటం మీదే తరగతిలో ఉపాధ్యాయుడి అధికారం చాలావరకు ఆధారపడుతుంది. కొత్త సాధనం ముందు ఆ స్థానం తారుమారు కావచ్చు. తెర ఆగిపోయినప్పుడు ఏ మీట నొక్కాలో వెనక బెంచీలోని విద్యార్థి చెబితే, దాన్ని నవ్వుతూ తీసుకునే ఉపాధ్యాయులు ఉన్నారు, ఆ రోజుతో ఆ సాధనానికి దండం పెట్టేవారూ ఉన్నారు. ఈ తేడా వయసును బట్టి వస్తుందని తేల్చేయడం తొందరపాటు. తరగతి మీద గట్టి పట్టున్న సీనియర్ ఉపాధ్యాయుడు ఇటువంటి తడబాటును సులువుగా దాటేయవచ్చు. యంత్రాలు బాగా తెలిసినా, తరగతిని అదుపులో ఉంచడం ఇంకా నేర్చుకుంటున్న కొత్త ఉపాధ్యాయుడికి అదే తడబాటు పెద్ద గండంగా మారవచ్చు.

ఉపాధ్యాయుల పని గురించి ఓఈసీడీ 2018లో నిర్వహించిన టాలిస్ అనే అంతర్జాతీయ సర్వే ప్రకారం, సభ్యదేశాల సగటున 56 శాతం ఉపాధ్యాయులకు మాత్రమే తమ ఉపాధ్యాయ విద్యలో భాగంగా బోధనకు సాంకేతికతను వాడటంలో శిక్షణ లభించింది. చదువు ముగించేనాటికి ఈ విషయంలో బాగా సిద్ధంగా ఉన్నామని చెప్పినవారు 43 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా, శిక్షణ పొందడానికీ సన్నద్ధం కావడానికీ మధ్య ఉన్న దూరాన్ని కూడా కొంతవరకు సూచిస్తుంది. పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో ప్రతిపాదించినట్టుగా, సాంకేతికత తెలియడం, బోధన తెలియడం, విషయం తెలియడం అనే మూడు జ్ఞానాలు విడివిడిగా ఉన్నంత మాత్రాన సరిపోదు. ఈ మూడూ కలిసే చోట, అంటే ఫలానా పాఠంలోని ఫలానా భావనకు ఏ సాధనం ఎలా వాడాలో తెలిసిన చోట, అసలైన వాడకం మొదలవుతుంది. అన్ని సబ్జెక్టుల వారినీ ఒకే హాలులో కూర్చోబెట్టి ఇచ్చే శిక్షణలో ఆ కలయిక జరగదు.

అందుకే ఒకే సబ్జెక్టు బోధించే సహోద్యోగి ప్రభావం ఇంత బలంగా ఉంటుంది. పక్క గదిలోని గణిత ఉపాధ్యాయురాలు అదే సిలబస్‌తో, అదే పిల్లలతో, అదే అంతంతమాత్రపు ఇంటర్నెట్‌తో చేసి చూపించిందంటే, మన దగ్గర ఇవన్నీ నడవవన్న అభ్యంతరానికి తావుండదు. సందేహం వస్తే విరామ సమయంలో వెళ్లి అడగవచ్చు, తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ ఉండదు. బందూరా చెప్పిన రెండో మూలం, రోజర్స్ చెప్పిన ఐదో గుణం ఈ ఒక్క వ్యక్తిలో కలుస్తాయి.

ఆదేశం చేయగలిగినది, చేయలేనిది

ఒక సాధనాన్ని తప్పనిసరి చేస్తే వాడకం పెరుగుతుందనడంలో సందేహం లేదు. విశ్వనాథ్ వెంకటేశ్, సహ పరిశోధకులు 2003లో అంతకుముందున్న ఎనిమిది నమూనాలను సమన్వయం చేసి తయారుచేసిన నమూనాలో, పైఅధికారులు, తోటివారు ఏం ఆశిస్తున్నారన్న ఒత్తిడి తప్పనిసరి వాడకం ఉన్నచోట ప్రభావం చూపుతుందని, అనుభవం పెరిగేకొద్దీ ఆ ప్రభావం సన్నగిల్లుతుందని తేలింది. పాఠశాలకు అన్వయిస్తే, ఆదేశం తొలి మెట్టు ఎక్కించగలదు గాని పై మెట్లు ఎక్కించలేదు.

పైగా ఆదేశం దేన్ని కొలుస్తుందో దాన్నే పుట్టిస్తుంది. వారానికి ఇన్ని లాగిన్లు, నెలకు ఇన్ని వీడియోలు అని లక్ష్యం పెడితే ఆ అంకెలు వస్తాయి. పీరియడ్ మొదట్లో లాగిన్ అయి, తెరను అలా వదిలేసి, బల్ల మీద పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కూడా ఆ లెక్కలో చురుకైన వినియోగదారుడే. రికార్డును ఒకసారి పుస్తకంలో, మరోసారి యాప్‌లో నింపాల్సి వచ్చినప్పుడు పరిస్థితి మరీ అధ్వానం. సమయం మిగల్చాల్సిన సాధనం ఇక్కడ పనిని రెట్టింపు చేసింది. ఆ చేదు అనుభవం తరువాత వచ్చే మంచి సాధనం మీద కూడా అనుమానాన్ని మిగులుస్తుంది.

నగదు బహుమతులు, సర్టిఫికెట్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆసక్తితో చేస్తున్న పనికి డబ్బు ముడిపెడితే, ఆ డబ్బు ఆగాక ఆసక్తి మునుపటి కంటే తగ్గవచ్చని ఎడ్వర్డ్ డెసీ 1971లో చేసిన ప్రయోగాలు చూపాయి. స్వేచ్ఛ, సమర్థత, తోటివారితో అనుబంధం అనే మూడు అవసరాలు తీరినప్పుడే మనిషి పనిలో సొంతంగా నిమగ్నమవుతాడన్న సిద్ధాంతాన్ని ఆయన రిచర్డ్ రయన్‌తో కలిసి అభివృద్ధి చేశాడు. ఉపాధ్యాయుల విషయంలో నగదు కంటే ఎక్కువ విలువైన ప్రోత్సాహకం బహుశా వారంలో ఒక ఖాళీ పీరియడ్. కొత్త పాఠం తయారు చేసుకోవడానికి సమయం ఇవ్వకుండా కొత్త సాధనం ఇవ్వడం, అప్పు ఇచ్చి దాన్ని బహుమతి అనడం లాంటిది.

2020 చూపించినది, 2022 చూపించినది

కరోనా కారణంగా 2020లో 190కి పైగా దేశాల్లో పాఠశాలలు మూతపడి, దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు ఇళ్లకే పరిమితమైనప్పుడు ఉపాధ్యాయుల ముందు మరో దారి లేకుండా పోయింది. అంతవరకు ఏళ్లు పడుతుందనుకున్న వాడకం వారాల్లో వచ్చింది. చేతకాకపోవడమే అడ్డంకి అన్న వాదన ఆ వారాల్లోనే చాలావరకు తేలిపోయింది. పాఠశాలలు తెరుచుకున్నాక ప్రత్యక్ష వీడియో తరగతులు వేగంగా వెనక్కి తగ్గాయి. హోంవర్క్ పంపడం, పత్రాలు పంచుకోవడం, తల్లిదండ్రులతో సంభాషణ వంటి పనులకు అలవాటైన సాధనాలు మాత్రం చాలా చోట్ల మిగిలాయి. బలవంతపు వాడకం అందరికీ సాధనాలను పరిచయం చేసింది, ఏది ఉంచుకోవాలో తేల్చింది మాత్రం మళ్లీ పీరియడ్ లెక్కే.

2022 నవంబరు 30న, అడిగిన ప్రశ్నకు సమాధానం రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనం చాట్‌జీపీటీ విడుదలైన తరువాత జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. ఇక్కడ ఆదేశం లేదు, పరికరాల పంపిణీ లేదు, తొలినాళ్లలో శిక్షణ కూడా లేదు. న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలల యంత్రాంగం 2023 జనవరిలో తన నెట్‌వర్క్‌లో దాన్ని అడ్డుకుని, అదే ఏడాది మే నెలలో ఆ వైఖరిని విడిచిపెట్టింది. సంస్థలు ఎటూ తేల్చుకోలేకపోతున్న దశలోనే ఉపాధ్యాయులు విడివిడిగా దాన్ని పరీక్షించడం మొదలుపెట్టారు. ఇందుకు కారణాలు పైన చెప్పిన సూత్రాల్లోనే దొరుకుతాయి. ప్రశ్నపత్రం తయారీ, ఒకే పాఠాన్ని మూడు స్థాయుల్లో రాసుకోవడం వంటి పనులు తరగతి బయట జరుగుతాయి కాబట్టి పిల్లల ముందు తడబడే ప్రమాదం లేదు. ఉచితంగా, ఒంటరిగా, ఐదు నిమిషాల్లో ప్రయత్నించి చూడవచ్చు. లాభం అక్కడికక్కడే కనిపిస్తుంది. దానికితోడు పిల్లలు ముందే వాడుతున్నందున, వారు తెచ్చిన వ్యాసం ఎవరు రాశారో అంచనా వేయడానికైనా ఉపాధ్యాయుడు దాన్ని తెలుసుకోవాల్సి వచ్చింది.

అయితే తయారీ పనిలో చొరబడినంత తేలిగ్గా కృత్రిమ మేధ బోధనలోకి రాకపోవచ్చు. అది ఇచ్చే సమాధానాల్లో తప్పులు ధీమాగా దొర్లుతాయి కాబట్టి, ప్రతి వాక్యాన్నీ సరిచూడటానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. పిల్లల వివరాలు ఎక్కడికి చేరతాయన్న ఆందోళన దీనికి అదనం.

రేపు ఇది ఉంటుందా?

ఉపాధ్యాయుల జాగ్రత్తకు మరో కారణం సాధనాల ఆయుష్షు. ఉపాధ్యాయులు, పిల్లలు ఆన్‌లైన్‌లో పాఠాలు, హోంవర్క్ పంచుకునేందుకు కోట్లాది ఖాతాలతో ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఎడ్మోడో వేదిక 2022 సెప్టెంబరులో మూతపడింది. ఎంతోమంది తరగతిలో తెల్లబోర్డులా వాడుకున్న గూగుల్ జామ్‌బోర్డ్ సేవ 2024 డిసెంబరు 31తో ముగిసింది. ఒక వేదిక మీద ఏళ్లపాటు పేర్చుకున్న ప్రశ్నలు, పాఠాలు, పిల్లల పనులు మరోచోటికి తరలించడం ఎవరూ జీతం ఇవ్వని అదనపు పని. ఒకసారి ఈ అనుభవం ఎదురైన ఉపాధ్యాయుడు తరువాతి సాధనాన్ని చూసేటప్పుడు, తాను తయారుచేసిన సామగ్రిని మామూలు ఫైళ్లుగా బయటికి తీసుకునే వీలుందా అని ముందుగా అడగడం న్యాయమే. కొనుగోలు నిర్ణయాలు తీసుకునేవారి పట్టికల్లో ఈ ప్రశ్న అరుదుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ తరలింపు భారం వారి మీద పడదు.

లాగిన్ల లెక్క చెప్పనిది

ఈ ధోరణుల ప్రభావం రానున్న ఏళ్లలో రెండు దిక్కుల్లో కనిపించే అవకాశం ఉంది. పాఠం తయారీ, మూల్యాంకనం, నివేదికల వంటి వెనుక పనుల్లో సాధనాల వాడకం ఎవరూ పెద్దగా తోయకుండానే పెరుగుతుంది. తరగతి నడిచే తీరును మార్చే సాధనాలు మాత్రం సబ్జెక్టుల వారీగా, పాఠాల వారీగా, ఒక్కొక్క ఉపాధ్యాయ బృందం ద్వారా నెమ్మదిగా పాకుతాయి. యునెస్కో 2023లో వెలువరించిన ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక కూడా సాంకేతికతను అభ్యాసకుడి ప్రయోజనం దృష్టితో, సందర్భానికి తగినదా కాదా అని చూసి ఎంచుకోవాలని కోరింది. ఆ ఎంపిక దగ్గర ఉపాధ్యాయుడికి చోటు దొరికిన బడుల్లో వాడకం నిలబడే అవకాశం ఎక్కువ.

అక్కడ సైతం వాడకాన్ని దేనితో కొలవాలన్న చిక్కు మిగిలే ఉంటుంది. జియోజీబ్రాను మొదటి ఏడాది వారానికి మూడుసార్లు తెరిచిన గణిత ఉపాధ్యాయురాలు, రెండో ఏడాది దాన్ని జ్యామితిలో కొన్ని పాఠాలకు, గ్రాఫుల పాఠానికి మాత్రమే పరిమితం చేసిందనుకుంటే, డ్యాష్‌బోర్డు మీద ఆమె వాడకం పడిపోయినట్టు కనిపిస్తుంది. అంకెలు చూసే అధికారి ఆమెకు మరోసారి శిక్షణ అవసరమని నిర్ణయించవచ్చు. నిజానికి ఆమె ఆ సాధనం ఎక్కడ బల్లను మించుతుందో, ఎక్కడ మించదో ఏడాదిపాటు చూసి తేల్చుకుంది.